వేరే పెట్టెను మార్చి చేసిన ప్యాంట్రీ కారుకు కచ్చితమైన నమూనా చేయాలంటే వివరాలు ఎలా సేకరించాలి?

ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) ప్యాంట్రీ కారును, అంటే రైల్లో వంట చేసే పెట్టెను, హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో చేయాలనుకుంటున్నారనీ, చేతికి దొరికిన డ్రాయింగులోని కిటికీలు మీరు తీసిన ఫోటోలోని కిటికీలతో కలవడం లేదనీ, అది స్లీపరు పెట్టెను మార్చి చేసినదని ఎవరో చెప్పారనీ రాశారు. రెండింటిలో దేన్ని నమ్మాలన్నది మీ ప్రశ్న. రెండూ నిజమే కావచ్చు. ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి రావాలనుకున్నారో డ్రాయింగు చెబుతుంది, వర్క్‌షాపుల చేతులు పడ్డాక ఏమి మిగిలిందో ఫోటో చెబుతుంది. అందువల్ల “ఐసీఎఫ్ ప్యాంట్రీ కారు” అనే సాధారణ వస్తువును చేయాలనే ఆలోచనను పక్కన పెట్టి, ఒక్క సంఖ్య గల ఒక్క పెట్టెను, ఒక్క సంవత్సరంలో అది ఉన్న తీరులో చేస్తానని ముందే నిర్ణయించుకోండి. నేను సికింద్రాబాదులో ఉంటాను. స్లీపరు నుంచి ప్యాంట్రీగా మారిన ఒక పెట్టెకు నమూనా చేశాను కాబట్టి ఈ నిర్ణయం ఎంత పనిని తేలిక చేస్తుందో అనుభవంతో చెబుతున్నాను.

సంఖ్యతో మొదలుపెట్టండి. పాత ఐదంకెల పద్ధతిలో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరాన్ని, చివరి మూడంకెలు పెట్టె రకాన్ని తెలుపుతాయి. 201 నుంచి 400 దాకా స్లీపరు, 401 నుంచి 600 దాకా జనరల్, 801 పైన ప్యాంట్రీ, పార్సిల్ వంటివి వస్తాయి. అంటే చివరి మూడంకెలు, వాటి పక్కన ఉండే డబ్ల్యూసీబీ (ప్యాంట్రీ కారు సంకేతం) అనే అక్షరాలు ఆ పెట్టె ఇప్పుడు చేస్తున్న పనినే చెబుతాయి, పుట్టుకను చెప్పవు. పుట్టుక కోసం పెట్టె చివరి గోడను చూడాలి. తయారుచేసిన ఫ్యాక్టరీ ప్లేటు, చివరిసారి పీఓహెచ్ (నిర్ణీత కాలానికొకసారి చేసే పూర్తి మరమ్మతు) చేసిన వర్క్‌షాపు గుర్తు, తేదీ, మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లవలసిన రిటర్న్ తేదీ, ఖాళీ బరువు అక్కడే ఉంటాయి. మన దక్షిణ మధ్య రైల్వే పెట్టెలైతే ఎక్కువగా లాలాగూడ లేదా తిరుపతి వర్క్‌షాపు గుర్తు కనిపిస్తుంది. (లాలాగూడ వర్క్‌షాపు 1893లో నిజాం రైల్వే నెలకొల్పినది. మన ఊళ్లోనే ఉన్న ఈ చరిత్రను నమూనాలు చేసేవాళ్లు ఇంకా ఎక్కువగా పట్టించుకోవాలని నా కోరిక.) భోపాల్ గుర్తు ఉంటే మాత్రం ఆ పెట్టెను ప్రత్యేక శ్రద్ధతో చూడండి. సగం వయసులో పెట్టెలను దాదాపు విప్పి మళ్లీ కట్టే పని అక్కడ జరుగుతుంది కాబట్టి కిటికీలు, లోపలి గోడలు డ్రాయింగును వదిలిపెట్టే అవకాశం అక్కడే ఎక్కువ.

ఎంత మార్చినా మారనివి కొన్ని ఉంటాయి. ఐసీఎఫ్ పెట్టె బాడీ పొడవు 21,337 మి.మీ., బఫర్లతో కలిపి 22,297 మి.మీ., వెడల్పు 3,245 మి.మీ., చక్రాల ట్రాలీలు రెండింటి మధ్య బిందువుల నడుమ దూరం 14,783 మి.మీ., ఒక ట్రాలీలో ఇరుసుల మధ్య దూరం 2,896 మి.మీ. వీటిని 87తో భాగిస్తే వరుసగా 245.3, 256.3, 37.3, 169.9, 33.3 మి.మీ. వస్తాయి. ఈ అయిదింటినీ అట్ట మీద గీసి గోడకు తగిలించుకోండి, మిగిలిన కొలతలన్నీ వీటి లోపల ఇమడాలి. రెండు పట్టాల మధ్య దూరం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. ఈ స్కేలులో 19.3 మి.మీ. అవుతుంది, బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. మాత్రమే. నేను 16.5కే సరిపెట్టుకుని, ట్రాలీ పక్క ఫ్రేములను మాత్రం అసలు దూరంలో పెట్టాను. పక్క నుంచి చూసినప్పుడు తేడా కనబడదు.

ఇక అసలు విషయం, మార్పును బాడీ మీదే చదవడం. స్లీపరు పెట్టెలో తొమ్మిది బేలు (బెర్తుల గుంపులు), 72 బెర్తులు ఉంటాయి కాబట్టి కిటికీలు ఒక క్రమంలో వస్తాయి. ఆ క్రమం ఎక్కడ తెగిందో అక్కడ వర్క్‌షాపు చేయి పడిందని అర్థం. మూసేసిన కిటికీ రంగు కింద దాగి ఉంటుంది, మధ్యాహ్నపు ఎండలో ఏమీ తెలియదు. సాయంత్రం ఎండ గోడకు ఏటవాలుగా తగిలేటప్పుడు చూడండి. నేను చేసిన పెట్టెలో లేత నీలం పట్టీ మధ్యన రెండు దీర్ఘచతురస్రాలు అలాగే బయటపడ్డాయి. అతికిన రేకు చుట్టూ వెల్డింగు వేడికి బాడీ రేకు కొద్దిగా లోపలికి ముడుచుకుని, మూలల దగ్గర సన్నని నీడ పడింది. రేకు కింది అంచు వెంట తుప్పు నీళ్లు కారిన చారలు ఉన్నాయి, పక్కనున్న మామూలు గోడ మీద అవి లేవు. ఒకదాని పైన కిటికీ ఉన్నప్పటి వాన నీటి పట్టీ ముక్క ఇంకా ఉంది. కిటికీ పోయినా దాన్ని ఎవరూ తీయలేదు. ఇలాంటి వివరం డ్రాయింగులో ఎప్పటికీ దొరకదు, నమూనాలో మాత్రం ఆ పెట్టెను ఆ పెట్టెగా నిలబెట్టేది ఇదే. 1:87లో వెల్డింగు గీతను ఎత్తుగా చేయకండి. 0.25 మి.మీ. స్టైరీన్ (నమూనాలకు వాడే ప్లాస్టిక్) రేకును కిటికీ రంధ్రంలో బిగించి, అతుకు సందును నింపి, నున్నగా రుద్ది, చివరి రంగు వేసే ముందు అంచు వెంట సూదితో ఒక్కసారి గీస్తే చాలు.

రెండు పక్కలనూ వేరువేరుగా పరిశోధించాలి. ప్యాంట్రీలో ఒక పక్కన నడవ, ఇంకో పక్కన వంటగది, స్టోరు ఉంటాయి కాబట్టి ఒక పక్క ఫోటోను తిప్పి రెండో పక్కకు వాడితే అది వేరే పెట్టె అయిపోతుంది. రెండు ఫోటోలూ ఒకే పీఓహెచ్ కాలానివై ఉండాలి. మధ్యలో వర్క్‌షాపుకు వెళ్లి వచ్చి ఉంటే వాటిని కలపకండి.

ఫోటో నుంచి కొలత తీసేటప్పుడు చాలామంది చక్రాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. కొత్త చక్రం వ్యాసం 915 మి.మీ. అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది కాబట్టి అది సహజమే. కానీ చక్రాన్ని అరిగినప్పుడల్లా లేతు మీద చెక్కుతారు, 825 మి.మీ. దాకా తగ్గాకే తీసేస్తారు. అంతగా అరిగిన చక్రాన్ని 915 అనుకుని లెక్కగడితే ఐసీఎఫ్ పెట్టె పొడవు 23,600 మి.మీ. దాటిపోతుంది, అంటే 23,540 మి.మీ. ఉండే కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెను కూడా మించిపోతుంది. ఇరుసుల మధ్య దూరం 2,896 మి.మీ. మాత్రం అరగదు. దాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినది వీడియో. పెట్టె మొత్తం పట్టేలా ఫోను కెమెరాతో దగ్గర నుంచి తీస్తే చివర్లు వంగుతాయి. దానికి బదులు ఎదుటి ప్లాట్‌ఫారం మీద, మధ్యలో కనీసం ఒక ఖాళీ లైను ఉండేలా ఫోనును కదలకుండా నిలిపి, రైలు నెమ్మదిగా వెళ్తుండగా వీడియో తీయండి. ప్రతి ఫ్రేము నడిమధ్య నుంచి ఒక సన్నని నిలువు ముక్కను కోసి వరుసగా పక్కపక్కన చేర్చితే, పొడవు దిశలో వంపు లేని పూర్తి పక్క చిత్రం తయారవుతుంది. రైలు వేగం మారితే చిత్రం ఒక చివర సాగుతుంది. మొదటి ట్రాలీ ఇరుసుల దూరాన్నీ రెండో ట్రాలీ ఇరుసుల దూరాన్నీ పోల్చి చూస్తే ఎంత సాగిందో వెంటనే తెలిసిపోతుంది, ఆ మేరకు సరిచేయవచ్చు. కప్పు మీది వెంట్లు, నీటి ట్యాంకు మూతల కోసం ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నిలబడితే చాలు. యార్డులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

తేదీ లేని పాత ఫోటో దొరికితే రంగు, బ్రేకు గొట్టాలు సాయపడతాయి. ముదురు ఎరుపు పెట్టెలు వాక్యూమ్ బ్రేకు కాలానివి. 1990ల నుంచి ఎయిర్ బ్రేకు పెట్టెలకు ముదురు నీలం, కిటికీల వెంట లేత నీలం పట్టీ వచ్చింది. 2018 తర్వాత పాత పెట్టెలను మెరుగుపరిచే ఉత్కృష్ట్ పథకం కింద ముదురు ఎరుపు, లేత గోధుమ రంగులు కనిపించాయి. ఐసీఎఫ్ ఈ రకం పెట్టెల తయారీని ఆపింది కూడా 2018 జనవరిలోనే.

పనిచేసినవాళ్లను అడగడం మరిచిపోకండి. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ప్రాంతాల్లో రిటైరైన క్యారేజీ సిబ్బంది చాలామంది ఉన్నారు. “ఈ కిటికీలు ఎందుకు మూశారు సార్?” అని గుండుగుత్తగా అడగకుండా, ఫోటో చేతికిచ్చి ఒక్కొక్క రేకు మీద వేలు పెట్టి అడగండి. నా ఫోటో చూసిన ఒక పెద్దాయన, మూసిన రెండు కిటికీలూ వంటగదివేనని నేను అనగానే, “వంట దిక్కు పొగ పోవాలె గదా బిడ్డా, ఆ దిక్కు ఎందుకు మూస్తం? గిది స్టోరు. బియ్యం, పప్పు తడవొద్దని మూసినం” అన్నారు. ఆ ఒక్క మాటతో లోపలి గదుల అమరిక మొత్తం నాకు స్పష్టమైంది. అయితే సంవత్సరాల విషయంలో జ్ఞాపకాన్ని కాకుండా గోడ మీది తేదీనే నమ్మాలి.

పెట్టెను చేత్తో తాకి చూడాలనుకుంటే కాచిగూడ స్టేషను దగ్గర పాత పెట్టెలను మార్చి 2023లో తెరిచిన కోచ్ రెస్టారెంటు ఉంది. నిర్వాహకులను అడిగి చివరి గోడ వంపు, వాన నీటి పట్టీ మందం, తలుపు మెట్ల లోతు కొలుచుకోవచ్చు. కిటికీలకు, రంగుకు, లోపలి అమరికకు మాత్రం దాన్ని ఆధారం చేసుకోవద్దు. అది నిలబడి ఉన్న హోటలు కోసం చేసిన మార్పు, నడిచే రైలులో వంట కోసం చేసినది కాదు.

కాగితాల విషయానికొస్తే, గ్వాలియర్‌లోని క్యామ్‌టెక్ (రైల్వేల నిర్వహణ పద్ధతుల కేంద్రం) ప్రచురించిన ఐసీఎఫ్ పెట్టెల నిర్వహణ మాన్యువల్ ట్రాలీ, బ్రేకు, అడుగు భాగాల బొమ్మలకు మంచి ఆధారం. చెన్నైలో ఐసీఎఫ్ దగ్గరున్న రైలు మ్యూజియం చూడదగినది. ఒక ప్రత్యేక పెట్టె మార్పుకు సంబంధించిన డ్రాయింగు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. “ప్యాంట్రీ కార్ల వివరాలు ఇవ్వండి” అని రాయకుండా పెట్టె సంఖ్య, వర్క్‌షాపు పేరు, పీఓహెచ్ నెల రాసి, మార్పు డ్రాయింగు నకలు కావాలని కోరండి. అడిగింది ఎంత సన్నగా ఉంటే వెతికే గుమాస్తాకు అంత సులువు.

స్టైరీన్ కోసే ముందు, తయారైన పక్క చిత్రాన్ని 245.3 మి.మీ. పొడవుకు ముద్రించి అట్టకు అతికించి, ఫోటో తీసిన కోణంలోనే కంటి ముందు పట్టి చూడండి. మీ పెట్టె సంఖ్య, పీఓహెచ్ తేదీ, రెండు పక్కల ఫోటోలు ఇక్కడ పెడితే, ఏయే కిటికీలు స్లీపరు కాలానివో, ఏవి తర్వాత మూసినవో గుర్తుపెట్టి ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.