భ్రమరం తుమ్మెదేనా?

సందేహం: మా పెరట్లో ఒక నల్లని కందిరీగ తనకన్నా పెద్ద సాలీడును ఈడ్చుకుపోవడం చూశాను. ఒక పత్రిక దీన్ని ‘సాలీడు కందిరీగ’ అని రాసింది. ఈ సమాసం సరైనదేనా? భ్రమరం తెచ్చిన పురుగు భయంతో తానూ భ్రమరమైపోతుందని చెప్పే భ్రమరకీటక న్యాయంలోని భ్రమరం ఇదేనా?

సమాధానం: ‘సాలీడు కందిరీగ’ అంటే సాలీడులా ఉండే కందిరీగ అనుకునే ప్రమాదం ఉంది. పరభాషలో పక్కపక్కన కనబడిన రెండు నామాలను అలాగే దించేయడం నేటి అనువాదకులకు అలవాటైపోయింది. ‘సాలీళ్లను వేటాడే కందిరీగ’ అంటే సిరా ఎక్కువ ఖర్చవుతుందా? పారిభాషిక పదంగా స్థిరపడితే మాత్రం నేను అడ్డుపడను.

ఇక అసలు సంగతి. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ధర్మరాజుకు నారదుడు చెప్పే ఈ కందం చూడండి:

కీటకముఁ దెచ్చి భ్రమరము
పాటవమున బంభ్రమింప భ్రాంతంబై త
త్కీటకము భ్రమరరూపముఁ
బాటించి వహించుఁ గాదె భయయోగమునన్

భ్రమరం అనగానే ‘తుమ్మెద’ అని రాసి ముందుకు సాగిపోతారు వ్యాఖ్యాతలు. తుమ్మెదకు పురుగుతో ఏం పని? పువ్వు చాలు. సంస్కృత భాగవతంలో ఇక్కడున్న మాట ‘పేశస్కృత్’. పేశస్సు అంటే రూపం. రూపం దిద్దేది పేశస్కృత్తు. ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువులను ఎంచుతూ ‘ఊర్ణనాభి’ అని, ఆ వెంటనే ‘సుపేశకృత్’ అంటాడు. సాలీడు వెనకే కందిరీగ! భ్రమర శబ్దం సంప్రదాయంలో ఉన్నదే. దాన్ని బంభ్రమింపజేసి, పురుగును భ్రాంతం చేసిన సొగసు మాత్రం పోతనది. మూడు మాటలకూ ధాతువు ఒక్కటే, తిరగడం. చుట్టూ తిరిగేదల్లా భ్రమరమే అంటే కందిరీగకూ చోటు దొరుకుతుంది. నిఘంటువులు ఒప్పుకోవు. అమరకోశం రాసిన అమరసింహుడు కందిరీగను ‘వరట’ అన్నాడు. ఆడహంసకూ అదే పేరు.

మీరు చూసిన ఆడ కందిరీగ సాలీడును చంపలేదు, కుట్టి చచ్చుబడేలా చేసింది. బొరియలోకి లాగి, దాని ఒంటిమీద ఒకే గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కీలక భాగాలను చివరికి మిగుల్చుకుంటూ బతికున్న సాలీడును మెల్లగా తింటుంది. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది రెక్కలది; చూసినవారు మారిందనుకున్నారు. అయితే గోడలకు మట్టిగూళ్లు కట్టే మరో కుటుంబపు కందిరీగలు ఒక్కో అరలో చాలా సాలీళ్లను కుక్కుతాయి, ఇంకొన్ని గొంగళిపురుగులను దాస్తాయి. కాబట్టి న్యాయంలోని భ్రమరం మీ పెరటిదేనని ఒట్టు వేయలేను.

సన్మానసభల్లో గురుశిష్యుల అనురాగానికి ఈ న్యాయాన్ని వాడేవారు మాత్రం ‘భయయోగమునన్’ అన్న చివరి మాట ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.