చట్రం గట్టిదైతే చాలా?

ప్రశ్న: నాకు మొక్కల నర్సరీ ఉంది. మట్టి బస్తాలు, కుండీలు చేరవేయడానికి పికప్ ట్రక్కు కొనాలనుకుంటున్నాను. సెలవు రోజుల్లో భార్యాపిల్లలతో ప్రయాణాలకూ అదే బండి. పాత డిజైన్‌లోనే ఇప్పటికీ తయారవుతున్న కొత్త బండి ఒకటి చూశాను. ఇరవై ఏళ్లయినా చెక్కుచెదరదని అందరూ అంటున్నారు. దాని ధరలో 65 శాతానికి, క్రాష్ పరీక్షలో మంచి రేటింగ్ వచ్చిన మరో మోడల్ నాలుగేళ్లు వాడినది దొరుకుతోంది. నా పొదుపు కొత్త బండి ధరలో 40 శాతం. అదంతా కట్టేసి, మిగతాదానికి ఏడేళ్ల రుణం తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. రుణం లెక్క తర్వాత చెబుతాను. ముందు ఆ ‘చెక్కుచెదరదు’ అన్న మాట సంగతి చూద్దాం.

నిచ్చెన ఆకారంలో ఉండే ట్రక్కు చట్రం బరువు మోయడానికి, గుంతల దెబ్బలు తట్టుకోవడానికి పుట్టింది. గుద్దుకున్నప్పుడు కావలసింది వేరు. బండి ముందు భాగం నలగాలి, మనుషులు కూర్చున్న క్యాబిన్ మాత్రం నిలబడాలి. ముందు భాగం నలగకపోతే ఆ అదురు మీ ఛాతీకి చేరుతుంది. క్యాబిన్ నలిగిందా, స్టీరింగే మీ మీదికి వస్తుంది. కింద చట్రం ఎంత దిట్టమైనా పైనున్న క్యాబిన్ బలహీనం కావచ్చు.

ఆఫ్రికాలో అమ్మిన నిస్సాన్ ఎన్‌పీ300 హార్డ్‌బాడీ పికప్‌ను 2018లో, బండ్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించింది. పేరులోనే గట్టిదనం ఉన్న ఆ బండికి పెద్దల భద్రతలో ఒక్క స్టారూ రాలేదు. ఆ తర్వాత కొత్త హార్డ్‌బాడీని, యూరప్‌లో వాడేసిన 2015 నాటి అదే కంపెనీ నవారాతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. కొత్త బండి డ్రైవర్ బతకడం కష్టమనీ, పాత బండి డ్రైవర్ బయటపడేవాడనీ తేలింది. మీ ముందున్న ఎంపిక దాదాపు ఇలాంటిదే.

అయితే రేటింగ్ అన్న ముక్క విని ఊరుకోకండి. 2015 ఫోర్డ్ ఎఫ్-150లో నాలుగు పెద్ద తలుపుల క్యాబిన్‌కు అమెరికా రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్, బండి ముందు భాగంలో ఒక అంచు మాత్రమే అడ్డంకికి తగిలే ఢీ పరీక్షలో ‘గుడ్’ ఇచ్చింది. అదే ట్రక్కు వెనక చిన్న తలుపుల క్యాబిన్‌కు ‘మార్జినల్’, అంటే కింది నుంచి రెండో రేటింగ్ మాత్రమే దక్కింది. అందుకే ఏ క్యాబిన్‌కు, ఏ సంవత్సరం తయారీకి ఆ రేటింగ్ వచ్చిందో అడగండి. పిల్లలు వెనక కూర్చుంటారు కనుక వెనక సీటు ఫలితం విడిగా చూడండి.

ఇప్పుడు లెక్క. కొత్త బండి ధర 100 అనుకుందాం. మీ 40 పోగా 60 రుణం. 10 శాతం వడ్డీకి ఏడేళ్లలో సుమారు 24 వడ్డీ కడతారు. చేతిలో మిగిలేది సున్నా. వాడిన బండికి 30 కట్టి 35 రుణం తీసుకోండి. వాడిన బండ్లకు వడ్డీ సాధారణంగా ఎక్కువ కాబట్టి 12 శాతం వేసుకున్నా, నాలుగేళ్లలో వడ్డీ 9 కంటే కొంచెం ఎక్కువ. నెలసరి కిస్తీ కూడా కాస్త తక్కువే. పైగా మీ దగ్గర 10 మిగులుతుంది. మొదటి నాలుగేళ్ల తరుగుదలను ఆ పాత యజమాని ఎలాగూ భరించాడు.

మీ ఇంటి ఆదాయమంతా మీ ఒంట్లోంచే వస్తోంది. పొద్దున్నే నీళ్లు పెట్టే మనిషి మూడు నెలలు మంచం పడితే మొక్కలు ఎండుతాయి, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. మన్నికైన బండి దాని ధరను కాపాడుతుంది. భద్రమైన బండి ఆ కిస్తీ కట్టే మనిషిని కాపాడుతుంది. రెండూ దొరకనప్పుడు నేను రెండోదానికే డబ్బు పెడతాను.

మన్నికను గాలికి వదలమనడం లేదు. మంచి పేరున్న ట్రక్కులకూ తుప్పు పట్టింది: టకోమా, టుండ్రా, సెకోయా చట్రాలు తుప్పుతో తూట్లు పడుతున్నాయన్న దావాలో టొయోటా 2016లో అమెరికాలో దాదాపు 15 లక్షల బండ్ల విషయమై రాజీకి వచ్చింది. తుప్పు తిన్న చట్రానికి ఏ రేటింగూ వర్తించదు. కాబట్టి కొనేముందు బండిని లిఫ్ట్ మీద ఎత్తించండి. వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) చట్రానికి బిగించిన చోట చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖణేల్మంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలుతాయి. కింది భాగానికి తాజాగా నల్లరంగు పూసి ఉంటే నాకైతే అనుమానమే.

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పెద్ద ఢీలో మనిషిని ఆపిన బెల్టు మీద ఒరిపిడి గీతలు, కరిగినట్టు మెరిసే చారలు ఉండవచ్చు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరాలి. అసలు వెలగకపోతే బండి బాగుందని కాదు, ఎవరో దీపం పీకేశారేమోనని అనుకోండి. నేను మెకానిక్‌ని కాను. ఆ తనిఖీకి మీకు నమ్మకమున్న ఒకరికి డబ్బిచ్చి తీసుకెళ్లండి. కొనుగోలు మొత్తంలో అంత చవకైన ఖర్చు మరొకటి ఉండదు.

చాలా బండ్లలో తలుపు దగ్గరి పలక మీద బండి మోయగల బరువు రాసి ఉంటుంది. అందులో మీ బస్తాలే కాదు, లోపల కూర్చున్నవాళ్లూ లెక్కే. తడిసిన మట్టి బస్తాకు ఎంత బరువుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మిగిలిన 10ని బండి ధరలో కలిపేయకండి. ఆ పదిలో మూడో నాలుగో టైర్లకు, బ్రేకులకు. మిగతాది అత్యవసర నిధి. బీమాలో మీ వ్యక్తిగత ప్రమాద రక్షణ ఎంతో ఈ వారమే చూసుకోండి. బండికి ముందు లావుపాటి ఇనుప గార్డు వేయించమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. వేయించకండి. ముందు భాగం నలగాల్సిన తీరును, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయాన్ని అది చెడగొట్టవచ్చు. ఎదురొచ్చిన పాదచారికైతే మరీ ప్రమాదం.