పాత ఆల్టోకు తుప్పు: అప్పు చేసి వెల్డింగ్ మిషన్ కొనాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ పక్కన పల్లె. 2012 ఆల్టో ఉంది, అమ్మితే 85,000 వస్తాయంటున్నారు. డ్రైవర్ డోర్ కింద, బాడీకి ఉండే రేకు తుప్పు తిని వేలు దూరుతోంది. వెనక చక్రం పైన కూడా పొక్కులు లేచాయి. టింకరింగ్ షాపులో 24,000 అడిగారు. 34,000 పెడితే మిగ్ మిషన్ (రాడ్డు బదులు వైరుతో అతికే వెల్డింగ్ మిషన్), గ్యాస్ సిలిండర్, గ్రైండర్ అన్నీ వస్తాయి, ఇంటి దగ్గర నేనే చేసుకుంటా. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, వడ్ల పైసలు రాగానే కడదామనుకుంటున్నా. సరేనా?

జవాబు: ముందు వడ్డీ చూడండి. 34,000కు నెలకు 680, ఏడాది దాటితే 8,160. అసలుతో కలిపితే 42,160, అంటే బండి ధరలో దాదాపు సగం. మిషన్ మిగులుతుంది కదా అంటారు. దానికి నెలనెలా పని దొరికితే సరే, లేకుంటే పట్టా కప్పి దొడ్లో పెట్టాల్సిందే.

ఇక పని సంగతి. మిల్లు షెడ్లకు, ట్రాక్టర్ ట్రాలీలకు అలవాటైన వెల్డర్లు కూడా కారు దగ్గర తడబడతారు. ఈ రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లే. మామూలు ఆర్క్ మిషన్‌తో రాడ్డు ఆనించగానే చిల్లు పడుతుంది. మిగ్ అయినా 0.6 లేదా 0.8 వైరు వేసి, కరెంటు తగ్గించి, అంగుళానికో చుక్క చొప్పున టాకాలు వేయాలి. రేకు చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే మధ్యలో ఇంకో చుక్క. ఆత్రపడి గీతలా లాగితే అప్పడంలా వంకరపోతుంది, ఆ వంకరంతా లప్పంతో (పుట్టీతో) నింపాల్సి వస్తుంది. పైగా తుప్పు కనిపించినంత మేరే కోస్తే చాలదు. మెరిసే ఇనుము తగిలేదాకా కోయాలి, అప్పటికి వేలంత చిల్లు అరచేయంత అవుతుంది. ఖర్చు అంచనాలు తప్పేది ఇక్కడే.

మీ డోర్ కింది రేకు బండి బరువు మోసే భాగం, జాకీ పెట్టేదీ దాని అంచుకే. వెల్డింగ్ నేర్చుకోవడానికి అది చోటు కాదు. లోపల కార్పెట్, ఫోమ్, కింద పెట్రోలు పైపు ఉంటాయి. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే బండి అంటుకున్నా రూపాయి రాదు. ఫుల్ పాలసీ ఉన్నా తుప్పు రిపేరుకు క్లెయిమ్ ఇవ్వరు.

కాబట్టి మిషన్ వద్దు. షాపులో వెల్డింగ్‌కు ఎంత, రంగుకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ముందు డోర్ కింది రేకు ఒక్కటే చేయించండి. అక్కడ రంగు షేడు కలవాల్సిన పని లేదు, నల్ల అండర్‌కోటింగ్ చాలు. సీటు, కార్పెట్ విప్పడం, బురద కడగడం మీరే చేస్తే ఆ కూలీ తగ్గించమని అడగవచ్చు. చక్రం పైన పొక్కులు గీకి, జింక్ ప్రైమర్ కొట్టి, వడ్ల పైసలు వచ్చేదాకా ఆపండి.

డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి. మొదటిది పని మొదలైనప్పుడు. రెండోది లప్పం పెట్టకముందు వెల్డింగ్ చూశాక. ఈ మాట గట్టిగా చెప్పండి, లప్పం కింద ఏముందో తర్వాత తెలియదు. పాత రేకు కోయకుండా పైన కొత్తది అతికిస్తే సందులో తడి నిలిచి, ఒకట్రెండు వానాకాలాల్లో మళ్లీ పొంగుతుంది. 22 గేజ్ రేకు (పైన చెప్పిన మందమే) అంచుకు అంచు కలిపి వేయమనండి. చివరి వాయిదా ఇచ్చే ముందు గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి. అంటుకోని చోట లప్పం మందంగా ఉన్నట్టే. లోపలి బోలులో వ్యాక్స్ కొట్టించి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి.

ఇంకో ఖర్చు ఉంది. 2027లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ పాసైతేనే ఆర్‌సీ ఇంకో అయిదేళ్లు రెన్యువల్ అవుతుంది. దానికి ఫీజు కట్టాలి, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టగలిగితేనే చక్రం పైన పనికి 2027లోపు డబ్బు ఖర్చు పెట్టండి. లేదంటే డోర్ కింది పని అయ్యాక, ఆర్‌సీ గడువు ఉండగానే బండి అమ్మేయడం లాభం. గడువు దాటాక అదే 85,000 ఎవరూ ఇవ్వరు.