రెండు దేశాలు సరే, మూలిక మాత్రం ఒక్కటే తీసుకోమనండి

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అమ్మాయి బి.ఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆయుర్వేద మూలికల మీద, చైనా సంప్రదాయ వైద్యం మీద పరిశోధనలు ఎలా సాగుతున్నాయో పోల్చి ప్రాజెక్టు రాస్తానంటోంది. ల్యాబ్ పని లేని టాపిక్ తీసుకుంటే ఉద్యోగం ఎవరిస్తారని మావారికి టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నిశ్చింతగా చేయనివ్వండి. కాకపోతే టాపిక్ ఇంత పెద్దదిగా ఉంటే ఒక్క సెమిస్టర్‌లో తెమలదు. రెండు దేశాలు, వందల మూలికలు, లెక్కలేనన్ని పేపర్లు. చివరికి నాలుగు గ్రాఫులు గీసి ‘రెండు చోట్లా పరిశోధన పెరిగింది’ అని రాసి ముగించాల్సి వస్తుంది. అలాంటి ప్రాజెక్టు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అంతవరకు మీవారి భయం నిజమే. అందుకే ఒక్క మూలిక ఎంచుకోమనండి. నన్నడిగితే అతిమధురం.

ఓసారి బేగంబజార్‌లో మూలికలు అమ్మే కొట్టుకి తీసుకెళ్లి యాభై గ్రాములు కొనిపెట్టండి. పెన్సిల్ మందాన పుల్లలు, పైన గోధుమరంగు తొక్క, విరిస్తే లోపల పసుపుపచ్చని నార. చిన్న ముక్క నమిలితే ఆ తీపి చాలాసేపు నాలుకని వదలదు. గొంతు బొంగురుపోతే మన ఇళ్లలో బుగ్గన పెట్టుకునేది ఇదే. చైనాలో దీన్ని గాన్‌త్సావో అంటారు, ‘తియ్యటి మొక్క’ అని అర్థం. రెండు చోట్లా పేరు పెట్టింది ఆ తీపిని చూసే.

వాడకం దగ్గర మాత్రం దారులు వేరు. చరక సంహిత యష్టిమధు (అతిమధురానికి సంస్కృతం పేరు) చూర్ణాన్ని పాలతో తీసుకోమని, మేధకు మేలు చేసే రసాయనాల్లో, అంటే బలాన్నిచ్చే మందుల్లో, ఒకటిగా చెబుతుంది. చైనా వైద్యులు దీన్ని చాలా కషాయాల్లో, మిగతా మూలికల్ని ఒకదానితో ఒకటి కలిసిపోయేలా చేయడానికి వేస్తారు. అందువల్లనే కాబోలు, నేను చదివినంతలో చైనా పేపర్లలో మొత్తం కషాయం మీద పని ఎక్కువగా కనిపిస్తుంది, మన దగ్గర ఒకే మొక్క సారం తీసి ఎలుకల మీద చూసినవి ఎక్కువ. ఇది నిజమో కాదో మీ అమ్మాయి లెక్కపెట్టి తేల్చాలి. ప్రాజెక్టుకి ఆ ఒక్క ప్రశ్న చాలు.

లెక్కపెట్టడమంటే తేలిక అనుకోకండి, ఇందులోనే అసలు చదువంతా ఉంది. మన ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథంలో, అతిమధురం అంటే గ్లిసిరైజా గ్లాబ్రా అనే జాతి. చైనా ఫార్మకోపియా దాంతోపాటు యురాలెన్సిస్, ఇన్‌ఫ్లాటా అనే మరో రెండు జాతుల్ని కూడా ఒప్పుకుంటుంది. మన పేరొక్కటే పెట్టి వెతికితే చైనా పని చాలావరకు జారిపోతుంది. ‘ఇండియన్ లికోరైస్’ అని కొడితే ఇంకో చిక్కు. ఆ పేరు మన గురివింద తీగది! దాని వేరును అతిమధురానికి బదులు వాడతారు గనుక ఆ పేరు వచ్చింది. గింజ చూస్తేనేమో విషం. ఆ పేపర్లు కలిసిపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇక భాష. వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో మాత్రమే వెతికితే చైనీస్ పత్రికల్లో వచ్చినవి చాలా దొరకవు, వాటికి సీఎన్‌కేఐ అనే డేటాబేస్ ఉంది. అలాగే మన ఆయుర్వేద పత్రికలు కొన్ని పబ్‌మెడ్‌లో ఉండవు, ఆయుష్ రీసెర్చ్ పోర్టల్ చూడాలి. ఏది ఎక్కడ వెతికిందో, ఏ పదాలతో వెతికిందో, ఏది ఎందుకు వదిలేసిందో తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఆ నోట్‌బుక్కే.

ఒక్క మాట గట్టిగా చెప్పండి. పేపర్లు ఎక్కువ వచ్చాయంటే మందు పనిచేస్తుందని కాదు. గుగ్గులు సంగతే చూడండి. కొలెస్ట్రాల్‌కి మంచిదని మన దేశంలో ఏళ్ల తరబడి పరిశోధన చేసి మందుగా కూడా తెచ్చారు. 2003లో అమెరికాలో జరిగిన ట్రయల్‌లో చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదని తేలింది. మరోవైపు చైనా శాస్త్రవేత్త థూ యూయూ ఉన్నారు. నాలుగో శతాబ్దపు చైనా పుస్తకంలో చింగ్‌హావో అనే మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమో అని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో తీసిచూశారు. మలేరియాకి ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. పాత పుస్తకాన్ని భక్తితో కాకుండా శ్రద్ధగా చదవడమంటే అదీ.

ఉద్యోగం సంగతి మీవారికి ఇలా చెప్పండి. అతిమధురం ఎక్కువగా, ఎక్కువ రోజులు తింటే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. ఇలాంటి దుష్ప్రభావాల రిపోర్టులు ఏరి, చదివి, తూచి చెప్పడమే ఫార్మకోవిజిలెన్స్ పని. హైదరాబాద్‌లో బి.ఫార్మసీ పిల్లలు ఎక్కువగా చేరే పనుల్లో అదొకటి. మెడికల్ రైటింగ్‌కీ, రెగ్యులేటరీ విభాగాలకీ ఇదే నైపుణ్యం కావాలి. పైచదువు ఆలోచన ఉంటే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఫార్మకాగ్నసీలో, అంటే మొక్కల నుంచి వచ్చే మందుల చదువులో, ఎం.ఫార్మసీ చేయొచ్చు. కానీ ల్యాబ్ అసలు చేయకుండా డిగ్రీ ముగించవద్దు. కొన్న ఆ పుల్లల్నే కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసి, టీఎల్‌సీ (అందులోని పదార్థాల్ని విడదీసి చూసే పరీక్ష) చేసి, అసలుదో కాదో తేల్చి ప్రాజెక్టులో ఒక అధ్యాయంగా పెట్టమనండి. మీవారి బెంగ కూడా తీరుతుంది.

మీకు దగ్గర్లోనే గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది. వైద్య చరిత్ర మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. చరక సంహితలాంటి పాత గ్రంథాల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది కూడా వాళ్లే. బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. కాలేజీ నుంచి ఒక ఉత్తరం తీసుకుని, ముందు ఫోన్ చేసి వెళ్లమనండి. చైనీస్ నేర్చుకోవాలా అంటే, ఈ ప్రాజెక్టుకి అక్కర్లేదు. పీహెచ్‌డీ వరకు ఇదే దారిలో వెళ్తానంటే అప్పుడు భాషలు నేర్పే విశ్వవిద్యాలయం ఇఫ్లూ తార్నాకలో ఎలాగూ ఉంది.

గైడ్‌కి టైటిల్ ఇచ్చేముందు ఒక్క సాయంత్రం కూర్చుని మూడు జాతుల పేర్లతో విడివిడిగా పబ్‌మెడ్‌లో వెతికి, ఎన్నెన్ని వచ్చాయో రాసుకోమనండి. ఆ కాగితం మీవారికి కూడా చూపించమనండి.