మెల్లోఫోన్ పట్టుకుని వేసవికి బయల్దేరబోతున్న మేనకోడలికి

చిట్టితల్లికి, మామయ్య ఆశీస్సులు.

డ్రమ్ కోర్, అంటే మైదానంలో నడుస్తూ వాయిస్తూ పోటీపడే బృందం, నవంబర్ ఆడిషన్ క్యాంపు అయ్యాక నీకు కాల్‌బ్యాక్ (మళ్లీ రమ్మన్న పిలుపు) వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఉంది, భయమూ ఉంది. పన్నెండో తరగతికి ముందు వేసవంతా బస్సుల్లో తిరగడం, స్కూలు జిమ్ముల్లో నేల మీద పడుకోవడం, రోజుకి పది పన్నెండు గంటలు ఎండలో వాయిస్తూ నడవడం. "అసలేమిట్రా ఇది?" అని అడిగింది. నీ వయసులో నేనూ నీలాగే మెల్లోఫోన్ అనే ఇత్తడి వాద్యం పట్టుకుని మార్చ్ చేశాను. తర్వాత కొన్నేళ్లు పిల్లలకి నడక నేర్పాను. ఇప్పటికీ వేసవిలో సెలవు దొరికితే టూర్‌లో పిల్లలకి వండిపెట్టే వంట బండి ఎక్కుతాను. అందుకని నాకు తెలిసినదంతా రాస్తున్నాను. నువ్వు చదివాక అమ్మకీ చదివి వినిపించు.

అన్నిటికన్నా ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. డ్రమ్ కోర్‌లో బెంచి మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేవాళ్లు దాదాపు ఉండరు. మైదానంలో నూట యాభై మందికి పైగా ఉంటారు. ప్రతి ఒక్కరికీ ప్రతి క్షణానికీ ఒక చోటు రాసి ఉంటుంది. నువ్వు మంచం పడితే ఆ చోటు ఖాళీ. పైన స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకి నీ ముఖం కనిపించదు కానీ ఆ ఖాళీ మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. నేను కింద చెప్పేవన్నీ, తిండి, నిద్ర, చెప్పులు, ఎవరితో ఎలా ఉండాలి అనేదాకా, నీ చోటు ఖాళీ పడకుండా చూసుకోవడం గురించే.

ఈ పేరా అక్క కోసం. అక్కా, ఇది స్కూలు బ్యాండ్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, అమెరికన్ లీజియన్ లాంటివి, ఊళ్లలో పిల్లల్ని పోగుచేసి బ్యూగిళ్లు, డ్రమ్ములు నేర్పించేవి. అక్కడ మొదలైంది. తమ పోటీలు తామే నడుపుకోవాలని కోర్‌లన్నీ కలిసి 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టుకున్నాయి. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. ఇప్పుడు ఆగస్టులో ఫైనల్స్ ఇండియానాపొలిస్ లూకస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి. బ్రాస్ (ఇత్తడి వాద్యాలు), పెర్కషన్ (డ్రమ్ముల లాంటివి), కలర్ గార్డ్ (జెండాలు తిప్పే బృందం) తప్ప ఫ్లూటు, క్లారినెట్ లాంటివేవీ ఉండవు. జూన్ 1 నాటికి 22 నిండిపోయినవాళ్లు ఇక మార్చ్ చేయలేరు, దాన్నే ఏజ్ అవుట్ అంటారు. దేశం నలుమూలల నుంచీ పిల్లలు పోటీపడి, డబ్బు కట్టి మరీ చేరతారు. మన అమ్మాయికి కాల్‌బ్యాక్ రావడం చిన్న విషయం కాదు.

ఇక నీ సంగతి. క్యాంపులో నీ పక్కన నీకన్నా గట్టిగా, నీకన్నా పై స్వరాలు వాయించేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లని చూసి టెన్షన్ పడకు. స్టాఫ్ చూసేది వేరే ఉంటుంది. "ఎడమ మోచేయి కిందికి జారుతోంది" అని నీకు చెబుతారు. తర్వాతిసారి అది లేచిందా? పది నిమిషాలు పోయాక, ఎవరూ గుర్తు చేయకపోయినా లేచే ఉందా? అది చూస్తారు. చెప్పగానే సంజాయిషీ మొదలుపెట్టే అలవాటు మన పిల్లల్లో కొంచెం ఎక్కువ. "అది కాదు సర్, ఇందాక..." అనొద్దు. తల ఊపు, సరిచెయ్, మళ్లీ వాయించు. నేను నేర్పిన రోజుల్లో, వచ్చినప్పుడు మామూలుగా ఉండి ప్రతి క్యాంపుకీ ఒక మెట్టు ఎక్కిన పిల్లలకే నేను ముందు ఓటు వేసేవాణ్ణి. కాల్‌బ్యాక్ అంటే చోటు ఖాయమైనట్టు కాదు, కాంట్రాక్ట్ వచ్చేదాకా ప్రతి క్యాంపూ ఆడిషనే. వీడియోలు అడిగితే గడువు రోజు అర్ధరాత్రి కాకుండా రెండు రోజుల ముందే పంపు.

నువ్వు ఫ్రెంచ్ హార్న్ నుంచి వస్తున్నావు కాబట్టి ఒక ఇబ్బంది ఉంది. హార్న్‌కి వాల్వులు ఎడమ చేత్తో నొక్కుతావు, మెల్లోఫోన్‌కి కుడి చేత్తో. వేళ్లు నొక్కే క్రమం కూడా ట్రంపెట్ లాగా ఉంటుంది. ఒకటి రెండు వారాలు చేతులు తడబడతాయి, అది అందరికీ అయ్యేదే. మౌత్‌పీస్ కూడా మెల్లోఫోన్‌దే వాడు. అడాప్టర్ పెట్టి హార్న్ మౌత్‌పీస్ బిగిస్తే నీకు సుఖంగా ఉంటుంది కానీ బయట మైదానంలో ఆ శబ్దం దూరం వెళ్లదు, సెక్షన్‌తో కలవదు. ఇంకో తేడా, హార్న్ గంట, అంటే శబ్దం బయటికి వచ్చే వెడల్పు మూతి, వెనక్కి తిరిగి ఉంటుంది, అందులో నీ చెయ్యి ఉంటుంది. మెల్లోఫోన్ గంట సూటిగా ప్రేక్షకుల వైపే. ఏ చిన్న తప్పయినా తిన్నగా వాళ్ల చెవిలోకే వెళుతుంది. అందుకే రోజూ కాసేపు ఒక్కో స్వరాన్నీ పొడుగ్గా పట్టే లాంగ్ టోన్లు, మెత్తగా, నిదానంగా.

నడక గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఎక్కువగా ఇదే. అయిదు గజాలు ఎనిమిది అడుగుల్లో నడవడం దీనికి ఆధారం. అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. మీ ఇంటి ముందు డ్రైవ్‌వేలో పదిహేను అడుగుల దూరం కొలిచి రెండు చివర్లా టేపు అంటించు. లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని ఎనిమిది లెక్కల్లో ఒక టేపు నుంచి రెండో టేపుకి వెళ్లు. పాదం మధ్య భాగం సరిగ్గా టేపు మీద పడాలి. అది వచ్చాక కళ్లు మూసుకుని నడువు. తర్వాత వెనక్కి నడువు, మునివేళ్ల మీద, మడమ నేలకి తగలకుండా. మొదట్లో పిక్కలు పట్టేస్తాయి. చేతిలో మెల్లోఫోన్ ఎత్తి పట్టుకునే చెయ్, భుజాలు పైకి లాక్కోకుండా. జనవరిలో మొదలుపెడితే మే నెలాఖరుకి, టూర్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలయ్యేసరికి, నీ కాళ్లు అడుగు కొలుచుకోవడం మానేస్తాయి. అప్పుడు బుర్ర సంగీతానికి ఖాళీ అవుతుంది. ఏప్రిల్ నుంచి ఏసీ గదిలో కాకుండా సాయంత్రం ఎండలో చెయ్, కొద్దికొద్దిగా సమయం పెంచుకుంటూ. డల్లాస్ ఎండ ఈ విషయంలో నీకు పెద్ద సాయం.

చాలామంది కొత్తవాళ్లని తికమక పెట్టేది శబ్దం. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు నూట అరవై అడుగులు. వెనక గీత దగ్గర కొట్టిన డ్రమ్ము ముందు గీత దగ్గరికి చేరడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిమిషానికి 180 బీట్ల వేగంలో అది అర బీటుకి కాస్తే తక్కువ. నువ్వు వెనక మూల ఉండి, ముందున్న మారింబాలని (కర్ర పలకల మీద కొట్టి వాయించే వాద్యాలు) విని వాయించావనుకో, అప్పటికే ఆలస్యమైన శబ్దానికి ఇంకో ఆలస్యం కలిపినట్టు. అందుకే ముందు నిలబడి చేత్తో తాళం చూపే డ్రమ్ మేజర్ చెయ్యి చూడమంటారు, లయ వెనకున్న డ్రమ్ముల నుంచి తీసుకోమంటారు. ఏ క్షణంలో ఎవర్ని వినాలో, ఎవర్ని అసలు వినకూడదో నీకు చెబుతారు. పాటలో స్వరాలతో పాటు దాన్నీ బట్టీ పట్టు. డాట్ పుస్తకంలో నీ చోట్లు రాసుకునేటప్పుడు ఆ మాటలు కూడా పక్కనే రాసుకో. పెన్సిల్‌తోనే రాయి, ఆగస్టు రెండో వారం దాకా మారుతూనే ఉంటాయి.

టూర్ ఎలా ఉంటుందంటే, రాత్రి ప్రదర్శన అయ్యాక సామాన్లు ట్రక్కుకి ఎక్కించి, తిని, అర్ధరాత్రి బస్సు ఎక్కుతారు. తెల్లవారుజామున ఏదో ఊళ్లో ఏదో స్కూలు ముందు ఆగుతుంది. పరుపులో గాలి నింపుకుని జిమ్ము నేల మీద మిగిలిన నిద్ర పూర్తి చేయాలి. దాన్ని ఫ్లోర్ టైమ్ అంటారు. ఆ సమయంలో ఫోన్ ముట్టుకోకు. స్నేహితుల ఫొటోలు, నిన్నటి స్కోర్లు అన్నీ ఎక్కడికీ పోవు, ఆ నిద్ర మాత్రం మళ్లీ దొరకదు. రెండు జతల మంచి బూట్లు తీసుకెళ్లు, ఒకటి ఆరుతుంటే ఒకటి వేసుకోవడానికి. సాక్సులు నువ్వనుకున్నదానికి రెట్టింపు. పెదవులకి ఎండ తగలకుండా ఉండే లిప్ బామ్, వెడల్పు అంచు టోపీ, గ్యాలన్ నీళ్ల జగ్గు. దాహం వేశాక తాగితే ఆలస్యమైనట్టే. కాలి మీద బొబ్బ లేస్తుంటే ఆ రోజే దెబ్బలు, నొప్పులు చూసే ట్రైనర్‌కి చూపించు. పిక్క ఎముక మీద ఒకేచోట నొప్పి మూడు రోజులైనా పోకపోతే పళ్లు బిగించి ఊరుకోవద్దు. దాచిపెట్టిన నొప్పితో జూలైలో రెండు వారాలు పక్కన కూర్చున్నవాళ్లని చూశాను. ముందే చెప్పినవాళ్లు రెండు రోజుల్లో తిరిగి వచ్చేశారు.

తిండి గురించి మీ అమ్మ బెంగ పెట్టుకుంది. పెద్ద ట్రక్కులో వంటిల్లు ఉంటుంది, రోజుకి నాలుగు పూటలు పెడతారు. శాకాహారమని ఆరోగ్య ఫారంలోనే స్పష్టంగా రాయండి, చాలా కోర్‌లు విడిగా చేస్తాయి. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న డబ్బాల్లో పెట్టుకో, అన్నం వడ్డించిన రోజు ప్రాణం లేచి వస్తుంది. బాగా లేదని మాత్రం పూట మానేయకు. ఆ వంట చేసేవాళ్లలో జీతగాళ్లు తక్కువ. ఎవరి అమ్మలో, నాన్నలో, ఎప్పుడో మార్చ్ చేసిన పాతవాళ్లో సెలవు పెట్టుకుని వస్తారు. రెండొందల మందికి నాలుగు పూటలంటే ఎనిమిది వందల పళ్లాలు. పళ్లెం తీసుకున్నప్పుడల్లా ముఖం చూసి థాంక్స్ చెప్పు. అక్కా, బావా, మీరిద్దరూ ఒక వారం అలా వెళ్లండి. ఉల్లిపాయలు తరుగుతూ అమ్మాయిని దూరం నుంచి చూడొచ్చు. మీకున్న సగం భయాలు అక్కడే తీరతాయి. యూనిఫాంలు కుట్టడానికీ, ట్రక్కు నడపడానికీ కూడా మనుషులు కావాలి, బావగారికి ఏది నచ్చితే అది.

బస్సులో పక్క సీటు అమ్మాయితో వేసవంతా గడపాలి. తనకి నిద్ర ఎప్పుడు, మాట ఎప్పుడు అని మొదటి వారంలోనే అడిగి తెలుసుకో. పాతవాళ్లు సాధారణంగా చాలా ప్రేమగా చూస్తారు. పనులు పంచుకో, కేసులు మోసేటప్పుడు ముందుండు. ఒకరి మీద ఒకరు చెప్పుకునే మాటల్లోకి దిగకు, అలసిపోయిన మనుషుల మధ్య చిన్న మాట కూడా పెద్దదవుతుంది.

కానీ ప్రేమ పేరుతో ఎవరైనా హద్దు దాటితే మాత్రం ఊరుకోకు. ఈ మాట పెద్దవాడిగా గట్టిగా చెబుతున్నాను. 1934లో న్యూజెర్సీలో పుట్టిన క్యాడెట్స్ అనే కోర్ పదిసార్లు ఛాంపియన్. 2018లో వాళ్ల డైరెక్టర్ మీద పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాక ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. కోర్టు ఖర్చులు, డబ్బు ఇబ్బందుల మధ్య 2024లో ఆ కోర్ మూతపడింది. తొంభై ఏళ్ల సంస్థ. కాబట్టి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు మీ నాన్నతో కలిసి అడుగు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? స్టాఫ్‌లో ఎవరైనా పిల్లలతో ఒంటరిగా ఉండొచ్చా? ర్యాగింగ్ గురించి నియమం ఏమిటి? ట్రైనర్ బస్సులతో పాటే ఉంటారా? సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్లొద్దు, వాళ్లు ఎన్నో స్థానంలో ఉన్నా సరే. నిరుడు ఏడో స్థానమా పదకొండో స్థానమా అన్నది నీ వేసవిని పెద్దగా మార్చదు. నిన్ను చూసుకునే మనుషులే మారుస్తారు.

స్కోర్ల గురించి ఒక్క మాట. వందలో నలభై జనరల్ ఎఫెక్ట్‌కి (మొత్తం ప్రదర్శన చూపే ప్రభావం), ముప్ఫై విజువల్‌కి (కంటికి కనిపించేది), ముప్ఫై సంగీతానికి. 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్ బ్లూ డెవిల్స్ అనే కోర్ మీద 0.025 తేడాతో గెలిచింది. అంత చిన్న అంకె కోసం బస్సులో రాత్రంతా వాదించుకునేవాళ్లు ఉంటారు. నువ్వు పడుకో.

డబ్బు తక్కువేం కాదు, ఫీజు అయిదారు వేల డాలర్ల దాకా ఉంటోంది, క్యాంపులకి విమానం ఖర్చు అదనం. వాయిదాలు, స్కాలర్‌షిప్పుల గురించి మొహమాటపడకుండా ఇప్పుడే అడగండి. కాలేజీ వ్యాసాలు మే నెలలోపు చిత్తుప్రతి రాసేసుకో, టూర్‌లో రాద్దామనుకుంటే రాయలేవు. ఒకవేళ ఈ ఏడాది కాంట్రాక్ట్ రాకపోతే నీకింకా నాలుగైదు వేసవులున్నాయి. టెక్సస్‌లోనే జెనెసిస్, క్రాస్‌మెన్ లాంటి కోర్‌లు ఉన్నాయి. చాలా కోర్‌లకి చలికాలం చివర్లో కూడా చోట్లు ఖాళీ అవుతాయి, ఫోన్ దగ్గరే ఉంచుకో.

నా పాత మెల్లోఫోన్ మౌత్‌పీస్ ఈ వారం కొరియర్‌లో పంపుతున్నాను. నచ్చితే వాడు, లేకపోతే స్టాఫ్ చెప్పింది కొనుక్కో. వాయించి వీడియో పెట్టు, మోచేతులు కనిపించేలా. జూలైలో శాన్ ఆంటోనియో అలమోడోమ్ పోటీకి అత్తయ్యా నేనూ వస్తున్నాం, టికెట్లు అమ్మకానికి రాగానే మీ అమ్మానాన్నలకి కూడా కలిపి తీసేస్తాను. అక్కని ఆదివారం ఫోన్ చేయమను, వంట బండికి పేర్లు ఎలా ఇవ్వాలో చెబుతాను.

ప్రేమతో,
మామయ్య