టెక్ సందేహాలు: సరుకు గదిలో ఉంది, స్టాక్ మాత్రం మైనస్!

ప్రశ్న: మాది ఆత్రేయపురం, పూతరేకుల షాపు. బియ్యం మేమే ఇచ్చి చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేత రేకులు తీయిస్తాం. షాపులో నెయ్యి, పంచదార, జీడిపప్పు వేసి చుట్టి పెట్టెలు కడతాం. ఈమధ్య స్టాక్, తయారీ, బిల్లింగ్ లెక్కలు చూసే ఈఆర్‌పీనెక్స్ట్ సాఫ్ట్‌వేర్ పెట్టించాం. సిస్టమ్‌లో పెట్టెల తయారీ ఆర్డర్ పూర్తి చేయగానే రేకుల స్టాక్ మైనస్ చూపిస్తోంది. వచ్చిన రేకులు పుస్తకంలో రాసుకుని, శనివారం కూలి ఇచ్చేటప్పుడు సిస్టమ్‌లో ఎక్కిస్తున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, మీ సరుకు ఎక్కడికీ పోలేదు. కారణం మీ ఉత్తరం చివర్లోనే ఉంది. సోమవారం వచ్చిన రేకులు సోమవారమే పెట్టెల్లోకి వెళ్లిపోతున్నాయి. సిస్టమ్‌కి మాత్రం అవి శనివారం దాకా రానట్టే లెక్క. లేని సరుకు వాడేశారనుకుని మైనస్ చూపిస్తోంది. నిజానికి మైనస్ స్టాక్‌ను ఈఆర్‌పీనెక్స్ట్ మామూలుగా ఒప్పుకోదు. స్టాక్ సెట్టింగ్స్‌లో ఎవరో టిక్ పెట్టి దానికి అనుమతి ఇచ్చి ఉంటారు. ముందు పాత ఎంట్రీలన్నీ ఎక్కించి లెక్క సరిచేయండి, ఆ తర్వాత ఆ టిక్ తీసేయండి. ఇప్పుడే తీసేస్తే పండగ సీజన్ మధ్యలో బిల్లింగ్ ఆగిపోతుంది.

అసలు పని వేరే ఉంది. మీ దగ్గర తయారీ రెండు దశల్లో జరుగుతోంది. బియ్యం నుంచి రేకు ఒకటి, రేకు నుంచి పెట్టె రెండోది. రెండింటికీ వేర్వేరు బిల్ ఆఫ్ మెటీరియల్స్ (ఏది చేయడానికి ఏ ముడి సరుకు ఎంత కావాలో చెప్పే జాబితా) ఉండాలి. మొదటి దశ ఇళ్లలో జరుగుతుంది కాబట్టి దాన్ని సబ్‌కాంట్రాక్టింగ్ (మన సరుకిచ్చి బయటివాళ్లతో చేయించే పని) కింద పెట్టండి. రేకులు తీసే ఒక్కొక్కరి పేరునా సిస్టమ్‌లో ఒక వేర్‌హౌస్ (సరుకు ఉన్న చోటు) తెరిచి, ఇచ్చిన బియ్యాన్ని అందులోకి బదిలీ చేయండి. బియ్యం వాళ్ల ఇంట్లో ఉన్నా స్టాక్ మీదే. రేకులు తిరిగొచ్చిన రోజే రిసీట్ (వచ్చిన సరుకు ఎంట్రీ) వేస్తే అక్కడ బియ్యం తగ్గుతుంది, మీ గదిలో రేకులు పెరుగుతాయి. కూలి శనివారమే ఇచ్చుకోండి, డబ్బుకీ స్టాక్‌కీ ముడి పెట్టొద్దు. ఎవరెన్ని తెచ్చారో ఏ రోజుకారోజు నమోదైతే వాళ్ల కష్టానికీ పక్కా లెక్క ఉంటుంది. పొయ్యి వేడికి కుండ ముందు గంటలు గంటలు కూర్చునే వాళ్లకు అది మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బియ్యాన్ని డెలివరీ చలానా మీద పంపాలి. ఇలా జాబ్ వర్క్‌కి, అంటే కూలికి చేయించడానికి, పంపిన ముడి సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలని చట్టంలో ఉంది.

రెండో దశలో చిక్కంతా నెయ్యితోనే. చుట్టే చేతిని బట్టి నెయ్యి ఖర్చు మారుతుంది, బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో రాసుకున్న లెక్క ఏ రోజూ కుదరదు. మాన్యుఫాక్చరింగ్ సెట్టింగ్స్‌లో ముడి సరుకును దేన్నిబట్టి తగ్గించాలని అడుగుతుంది. అక్కడ తయారీకి బదిలీ చేసిన సరుకును బట్టి అని ఎంచుకోండి. పొద్దున స్టోర్ నుంచి తీసిన నెయ్యే లెక్కలోకి వస్తుంది, సాయంత్రం మిగిలింది వెనక్కి జమ చేయండి. విరిగిన రేకులకు ప్రాసెస్ లాస్ (తయారీలో పోయే సరుకు) శాతం పెట్టుకునే వీలూ ఉంది. ఆ శాతం ఎంతో మీ రేకుల్ని కొన్నాళ్లు లెక్కపెట్టి వేసుకోండి, పక్క షాపు అంకె పనికిరాదు.

వంద పెట్టెలకు తయారీ ఆర్డర్ వేసి అరవై కట్టారనుకోండి. అరవైకే ఎంట్రీ వేసి ఆర్డర్‌ని అలాగే ఉంచండి, మిగతా నలభై పెండింగ్‌లో కనిపిస్తాయి. వందని అరవైగా దిద్దితే ఆ నలభై పెట్టెలు అడిగిన కస్టమర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. బెల్లం పెట్టెలకూ పంచదార పెట్టెలకూ వేర్వేరు ఆర్డర్లు, వేర్వేరు బ్యాచ్ నంబర్లు పెట్టండి. ఆహార పదార్థాల లేబుల్ మీద బ్యాచ్ నంబర్, తయారీ తేదీ ఎలాగూ ఉండాల్సిందే. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు మీది. ఏ పెట్టె ఏ రోజుదని ఎవరడిగినా చెప్పగలిగితే ఆ పేరు నిలబడుతుంది.

ప్రశ్న: తాడేపల్లిగూడెం దగ్గర రైస్ మిల్లు. ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధాన్యం తగ్గించి బియ్యం పెంచుతున్నాం. తవుడు, నూక ఎక్కడ చూపించాలి?

జవాబు: స్టాక్ జర్నల్ (సరుకు మార్పులు రాసే ఎంట్రీ) కింద ఒక కొత్త వోచర్ టైప్ తెరిచి, మాన్యుఫాక్చరింగ్ జర్నల్‌గా వాడాలన్న చోట యస్ పెట్టండి. బియ్యం ఐటమ్ బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో తవుడు, నూక, ఊకల్ని ఉప ఉత్పత్తులుగా చేర్చండి. వాటి విలువ బియ్యం ఖర్చులోంచి తగ్గుతుంది. అది చేయకపోతే బియ్యం ధర ఉన్నదానికంటే ఎక్కువగా కనబడి, లాభాన్ని నష్టమనుకుంటారు. ప్రభుత్వ కస్టమ్ మిల్లింగ్‌కి (ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి బియ్యం ఇవ్వడానికి) క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు ఇవ్వాలని లెక్క. ఆ అంకెను బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో పెట్టుకోవచ్చు గానీ, వోచర్‌లో మాత్రం కాటా చూపించిన తూకమే రాయండి. మూల యూనిట్ కిలో పెట్టండి. ధాన్యం బస్తా 75 కిలోలు, బియ్యం బస్తా 26 కిలోలు అయినప్పుడు రెండింటినీ బస్తా అనే రాస్తే ఏ రిపోర్టూ నమ్మడానికి ఉండదు.

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి పీచు తాళ్ల యూనిట్ మాది, ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. తయారీ ఆర్డర్ పూర్తయిందని నొక్కేశాక పరిమాణం తప్పని తెలిసింది. డిలీట్ అవడం లేదు.

జవాబు: అవదు, అవకూడదు కూడా. వాడిన పీచు పరిమాణం ఒక్కటే తప్పయితే ఆర్డర్‌ని అన్‌లాక్ చేసి దిద్దండి. తయారైన తాడు లెక్కే తప్పయితే అన్‌బిల్డ్ వాడండి: తాడు తగ్గి పీచు వెనక్కి వస్తుంది, తర్వాత సరైన పరిమాణంతో కొత్త ఆర్డర్ వేయండి. అయితే ఆ తాడు అప్పటికే అమ్ముడై డెలివరీ కూడా అయిపోతే అన్‌బిల్డ్ చేయకుండా మీ అకౌంటెంట్‌తో మాట్లాడి స్టాక్ సర్దుబాటు వేయించండి.