మా ఆయన, మీ అమ్మ, మనింట్లో

సందేహం: మాది విజయనగరం, మూడు లాంతర్లకి దగ్గర్లోనే ఇల్లు. సిరిమాను పండక్కి పిల్లలందరూ వచ్చారు. నేనెవరితోనో ఫోన్లో “మా ఆయన బజారుకెళ్లారండి” అంటుంటే, హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదువుతున్న మనవడు విని “నానమ్మా, తాతయ్య నీకొక్కదానికే కదా ఆయన, మరి మా ఆయన అంటావేంటి, నా ఆయన అనాలి కదా” అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. నవ్వులయ్యాక నాకూ అనుమానం పట్టుకుంది. ఇది గౌరవ బహువచనమా, లేక మనకి అలవాటైపోయిన తప్పా? ఇంకొకటి, కొత్తగా పెళ్లయి గుంటూరు వైపు కాపరానికెళ్లిన మా అమ్మాయి వంటింట్లో నిలబడి “మా ఇంట్లో పులుసులో బెల్లం వెయ్యం అమ్మా” అంది. మరి ఇది ఎవరిల్లు అని మనసు చివుక్కుమంది. పనిలో పని, మావోడు, మనోడు, ఈ రెండిటికీ తేడా ఏమన్నా ఉందా?

సమాధానం: అమ్మా, “మా ఆయన” తప్పు కాదు, తెలుగు అలాగే ఉంటుంది. గౌరవ బహువచనం కూడా కాదు. ఎందుకంటే “మా” లో ఉన్న బహువచనం మాట్లాడే మనిషిది, ఆయనది కాదు. గౌరవమే అనుకుంటే మిమ్మల్ని మీరే గౌరవించుకున్నట్టవుతుంది, వెనకటికి రాజులు “మేము ఆజ్ఞాపించడమైనది” అనేవారే, అలాగన్నమాట. పోనీ మంది ఎక్కువున్నారని బహువచనం అనుకుందామా అంటే, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎవరూ లేని ఒక్కగానొక్క పిల్లాడు కూడా “మా అమ్మ” అనే అంటాడు. “మా కుక్క కరవదు లెండి” అంటాం, ఆ ఇంట్లో ఒక్క ముసలామే ఉన్నా అలాగే అంటుంది.

మరి ఈ “మా” ఎవరంటే ఇల్లు. నా చెయ్యి, నా కళ్లజోడు, నా చెప్పులు, నా ఫోను, ఇవి మనిషి సొంతానివి. మా ఇల్లు, మా ఊరు, మా అమ్మ, మా గేదె, మా వీధి, మా స్కూలు, వీటిలో మనిషి ఒక్కడే నిలబడి మాట్లాడ్డు, తను ఏ గుంపులోవాడో ఆ గుంపు తరఫున మాట్లాడతాడు. ఇది ఎంత గట్టిగా పనిచేస్తుందో చూడాలంటే పొలం దగ్గర చూడండి. అన్నదమ్ములు కలిసి ఉన్నన్నాళ్లూ “మా పొలం”, “మా కల్లం”. పంపకాలయిన మర్నాటినుంచి అదే మనిషి అదే గట్టు మీద నిలబడి “నా పొలంలోకి నీళ్లు రాలేదు” అంటాడు. కాగితాల మీద సంతకాలు ఆరకముందే మాట మారిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు “మా ఆయన” కి వద్దాం, మీ మనవడి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. “ఆయన” అనే మాటకి మొగుడని అర్థం లేదు, దూరంగా ఉన్న ఒక పెద్దమనిషి, అంతే. పోస్టుమాస్టరూ ఆయనే, కలెక్టరూ ఆయనే. దాని ముందు “మా” తగిలించేసరికి మా ఇంటి మనిషి అయ్యాడు, దాంతో మొగుడయ్యాడు. మన వైపు పల్లెల్లో “మా ఇంటాయన” అని విడమర్చి కూడా అంటారు కదా, అదే ఇది. “మా ఆవిడ” కూడా అంతే. భార్య, భర్త, మొగుడు, పెళ్లాం అనే మాటలు అలాంటివి కావు, వాటిలో సంబంధం ముందే ఉంది, ఇద్దరి మధ్య ఉన్న సంబంధం. అందుకని వాటికి “నా” నే పట్టుకుంటుంది, నా భార్య, నా మొగుడు. ఈ తేడా తెలీక కొత్త పెళ్లికొడుకులు కొంతమంది మర్యాదగా మాట్లాడదామని మైకులో “మా భార్య” అనేస్తారు, అంతే, ఇక పందిట్లో ఉన్న బావమరుదులు జన్మలో వదిలిపెట్టరు.

ఇదే సూత్రం ఎదుటి మనిషికీ వర్తిస్తుంది, అక్కడ ఇంకా సరదాగా ఉంటుంది. మీరు చిన్నప్పట్నించీ నువ్వు అని పిలిచే స్నేహితురాలు వచ్చిందనుకోండి, “నువ్వొక్కదానివే వచ్చావేంటే, మీ ఆయనేడీ” అంటారు. “నువ్వు” అని మొదలెట్టి “మీ” దగ్గరికొచ్చేశారు, అదే వాక్యంలో. పిల్లాణ్ణి కూడా “ఒరే, మీ అమ్మ ఏం చేస్తోందిరా” అని అడుగుతాం. “నీ అమ్మ” అని అడిగామా, గొడవే. నీయమ్మ, నీయయ్య, నీయబ్బ, ఇవన్నీ ఎందుకు తిట్లయ్యాయో చూడండి, ఇంటితో కలిపి అడగాల్సిన మనిషిని ఇంటినుంచి విడదీసి ఒక్కడి మీదకి విసిరేస్తున్నాం. అక్షరం ఒక్కటే తేడా, ఒకటి క్షేమసమాచారం, ఇంకోటి తగువు. అక్కడ లేని మనిషి గురించైనా అంతే, వాడి ఇల్లు అన్నా నడుస్తుంది గానీ అమ్మ దగ్గరికొచ్చేసరికి వాళ్లమ్మ అనే అంటాం.

అలాగని చుట్టరికాలకి “నా” అస్సలు రాదని కాదు. నా తమ్ముడు, నా కూతురు, నా మనవడు అని మామూలుగానే అంటాం, మనకంటే చిన్నవాళ్లకి అది ఇబ్బంది లేకుండా నప్పుతుంది. పెద్దవాళ్ల దగ్గరే నాలిక ఆగుతుంది, నా నాన్న, నా అత్తగారు అంటే ఏదో అనువాదం చేసిన యాడ్ విన్నట్టుంటుంది. కానీ గుండె నిండిపోయినప్పుడు మాత్రం ఆ కట్టుబాట్లేవీ ఉండవు. ముద్దొచ్చినప్పుడు “నా తల్లే, నా తండ్రే, నా బంగారు కొండే” అంటూ చంటిపిల్లాడికి నలుగు పెడుతుంది అమ్మమ్మ. కోపమొస్తే “నా మొగుడే సరిగ్గా ఉంటే నాకీ బాధలెందుకు” అంటుంది, అదే మనిషి కోపం తగ్గాక మళ్లీ “మా ఆయన”. చావింట్లో ఏడుపుల్లో కూడా “ఓ నా తండ్రో” అనే వినిపిస్తుంది, అక్కడ “మా” అనే మాట వినపడదు. ప్రేమలో, కోపంలో, దుఃఖంలో మనిషి ఒంటరిగా మాట్లాడతాడు, అందుకు నా. మిగతా రోజంతా ఇంటి తరఫున మాట్లాడతాడు, అందుకు మా. ఏ వ్యాకరణ పుస్తకం చదవకుండా అయిదేళ్ల పిల్లలు కూడా ఇది తప్పకుండా వాడతారు. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామ్మూర్తి గారు జీవితాంతం వాదించింది ఇదే కదా, జనం నోట్లో ఉన్న భాషకి నియమం లేదనుకోకండి, ఉంది, మనం వెతకాలి అంతే. బ్యాంకు ఫారంలో భర్త పేరు అని రాయండి, కోర్టు కాగితంలో నా భర్త అని రాయండి, అక్కడ అదే పద్ధతి. ఫోన్లో మాత్రం మా ఆయనే.

మీ మనవడికి ఇంగ్లీషులో మై ఒక్కటే నేర్పారు, దాన్ని తెచ్చి తెలుగులో పెడితే నా అమ్మ, నా టీచర్ వస్తాయి. వాణ్ణి కసురుకోవద్దు. పక్కింటి తమిళ పిల్లాడు కూడా ఎంగ అమ్మా అనే అంటాడు, అంటే మా అమ్మ అనే, ఇది మనొక్కళ్ల వింత కాదని చెప్పండి చాలు. వాడికి ఇంకో విషయం కూడా చెప్పొచ్చు. ఇంగ్లీషులో వియ్ అంటే, ఎదురుగా వింటున్నవాడు ఆ లెక్కలో ఉన్నాడో లేడో తెలీదు. మనకి రెండు మాటలున్నాయి, వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. “సినిమాకి వెళ్తున్నాం” అని మేం తో చెప్తే మీరు ఇంట్లో ఉండిపోవాలని అర్థం, మనం తో చెప్తే చీర మార్చుకోవాలని అర్థం. తమిళానికీ మలయాళానికీ ఈ రెండూ ఉన్నాయి, కన్నడం మాత్రం ఈ తేడా పోగొట్టుకుని ఒక్క నావు తోనే సరిపెట్టుకుంటోంది.

మీ అమ్మాయి మాటకి జవాబు కూడా ఇందులోనే ఉంది, నిజానికి నాకు మీ ఉత్తరంలో ఎక్కువ పట్టింది అదే. “మా ఇంట్లో” అంటే వింటున్న మిమ్మల్ని లెక్కలో వెయ్యని ఇల్లు, అంటే తనూ భర్తా అత్తమామలూ ఉన్న ఇల్లు. దాన్ని మీతో “మనింట్లో” అంటే ఆ వాక్యం అబద్ధం అవుతుంది, ఎందుకంటే మనింట్లో పులుసులో బెల్లం వేస్తారు! అదే అమ్మాయి గుంటూరులో అత్తగారి దగ్గర కూర్చుని ఏమంటుందో ఊహించండి, “మా ఇంట్లో బెల్లం వేస్తామత్తయ్యా, మనింట్లో ఎందుకు వెయ్యరు” అంటుంది. ఇక్కడ మనిల్లుగా ఉన్నది అక్కడ మా ఇల్లవుతుంది, అక్కడ మనిల్లుగా ఉన్నది ఇక్కడ మా ఇల్లవుతుంది, వినే మనిషిని బట్టి రెండిళ్లూ చోటు మార్చుకుంటాయి, పిల్ల మాత్రం రెండిళ్లదీ. కాబట్టి మీరు పట్టించుకోవాల్సింది “మా” అనే మాటని కాదమ్మా. మీ పెరట్లో తిరుగుతూ “మనింట్లో ఆ పాత రుబ్బురోలు ఏదీ, తీసేశారా” అని అడిగిందా లేదా అది చూసుకోండి, అడిగే ఉంటుంది. “మీ ఇంట్లో” అంటే మాత్రం అప్పుడు బాధపడదాం, అది కోపంలో వచ్చే మాట. మొగుడూ పెళ్లాల మధ్య “మీవాళ్లు” అన్న మాట వచ్చిందంటే వెనక ఏదో పెట్టుబడి చీర గొడవ ఉన్నట్టే. పిల్లాడు గోడ మీద గీతలు గీస్తే “మీ కొడుకేం చేశాడో చూడండి”, అదే లెక్కల్లో నూటికి నూరు తెస్తే “ఎంతైనా నా కొడుకు”. ఆ ఇద్దరి మధ్య నిజానికి చెల్లేది “మన” ఒక్కటే, కానీ అలా మాట్లాడుకునే ఇల్లు నాకింకా కనపడలేదు.

ఇక మావోడు, మనోడు. మావోడంటే మా ఇంటివాడు, కొడుకో తమ్ముడో, “మావోడికి బెంగుళూర్లో ఉద్యోగం ఒచ్చీసింది” అంటే అడగక్కర్లేదు, కొడుకే. మనోడంటే చుట్టరికంతో పనిలేదు, మన ఊరివాడు, మన వైపువాడు. విశాఖపట్నం ఆఫీసులో ఎవరో “బేగి కానీండి బావూ” అన్నారనుకోండి, “ఓరి, మనోడే” అనుకుంటాం, పేరు తర్వాత తెలుస్తుంది.

ఈ “మన” ఇంకో పని కూడా చేస్తుంది, బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనిషిని “మనదే ఊరండీ” అని అడుగుతాం. అడిగేది ఆయన ఊరు, అన్నది మన. వినేవాణ్ణి ముందే కలిపేసుకుని తర్వాత ఊరడుగుతున్నాం. ఆయన మాత్రం మనది రాజాం అనడు, నాది రాజాం అని కూడా అనడు, “మాది రాజాం బావూ” అంటాడు.